కార్మెల్ మార్కెట్ పక్క సందులో సబీఖ్

టెల్ అవీవ్‌లో దిగిన రెండో రోజు, కార్మెల్ మార్కెట్ పక్క సందులో ఓ చిన్న కొట్టు ముందు నిలబడే తిన్నాను. ఇరాక్ నుంచి వచ్చిన యూదులు శనివారం పొద్దున తినేవన్నీ పీటా రొట్టెలో కుక్కేస్తే అదే సబీఖ్. వేయించిన వంకాయ చక్రాలు, ఉడికించిన గుడ్డు, సన్నగా తరిగిన దోసకాయ, టమాటా, పైన నువ్వుల తహీనా. వంకాయ అంచు కరకర, లోపల వెన్న. "ఆంబా వెయ్యనా?" అని కొట్టతను అడిగి, పసుపుపచ్చగా జారే పులుసులాంటిది ఒక గరిటె పోశాడు. ముక్కుకి దగ్గరగా తెచ్చుకోగానే మెంతుల వాసన! మామిడికాయ పులుపు, పసుపు... ఇంత దూరం వచ్చి ఊరగాయ తింటున్నానా అని నవ్వొచ్చింది. చొక్కా మీద పడితే మాత్రం ఆ మరక పోదు, అనుభవంతో చెబుతున్నా.

హమ్మస్, అదే ఉడికించిన శనగల ముద్ద, నాకు నచ్చలేదు. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పెట్టారు, అది గోరువెచ్చగా ఉంటేనే రుచి.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ వెళ్తే, ఆ సాయంత్రం నుంచే షబ్బత్, యూదుల వారాంతపు విశ్రాంతి దినం కదా, షట్టర్ సగం దించేశారు. కొట్టతను నా మొహం చూసి, మిగిలిన రెండు వంకాయ ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. డబ్బులు, అంటే వాళ్ళ షెకెళ్లు, తీయబోతే వద్దన్నాడు.