న్యూటన్‌లో ముఖపరిచయం, తియాన్‌జిన్‌లో చుట్టరికం
ఉద్యోగం దొరకడానికి పనికొచ్చేది దగ్గరివాళ్లా, ముఖపరిచయం ఉన్నవాళ్లా? ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలకు చెరో జవాబు దొరికింది.

మార్క్ గ్రానొవెటర్ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తూ, బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను కలిశారు. "మీ స్నేహితుడు చెప్పాడా?" అంటే, "స్నేహితుడు కాదు, తెలిసినాయన" అని చాలామంది సరిదిద్దారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. మరి మన మిత్రులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కదా. కొత్త కబురు అవతలి గుంపు నుంచే రావాలి. ఈ వాదనతో రాసిన వ్యాసాన్ని 1969లో ఒక పత్రిక తిప్పి పంపింది. 1973లో ఇంకో పత్రిక వేసుకుంది.

యాన్‌జీ బియన్ తీసుకున్నది చైనాలోని తియాన్‌జిన్, 1988 సర్వే. అక్కడ ఉద్యోగాలు ప్రభుత్వం కేటాయించేది. ఖాళీ సంగతి తెలిస్తే చాలదు, అధికారి తలూపాలి. ఇది కబురు కాదు, సిఫారసు. పేరు గ్రానొవెటర్‌కే ఎక్కువ వచ్చినా, సిఫారసు ఉత్తరాలు ఎరిగిన మనకు 1997 నాటి బియన్ వ్యాసమే చప్పున బుర్రకెక్కుతుంది. చాలాసార్లు అడిగేవాడికీ అధికారికీ నేరుగా పరిచయమే ఉండదు. ఇద్దరికీ బాగా దగ్గరైన మూడో మనిషి వ్యవహారం నడిపిస్తాడు.