సూపర్‌మ్యాన్: చూస్తే మేలా, వింటే మేలా?

2025 జులైలో డేవిడ్ కోరెన్‌స్వెట్ సూపర్‌మ్యాన్‌గా నటించిన సినిమా వచ్చినప్పటి నుంచి నన్ను చాలామంది అడుగుతున్నది ఒకటే: "పాతవాటిలో ఏది చూడాలి?" నేను మాత్రం "ముందు వినండి" అంటున్నాను. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

ఎగరడం, రైలును చేత్తో ఆపడం డబ్బుంటే ఎవరైనా చూపించగలరు. నా పరీక్ష వేరు. కళ్లజోడు పెట్టుకుని పత్రికా విలేఖరిగా తిరిగే క్లార్క్ కెంట్ సూపర్‌మ్యాన్‌గా మారే క్షణాన్ని నమ్మించారా లేదా? ఒకే ఆఫీసులో పనిచేసే లోయిస్ లేన్, కళ్లజోడు ఒక్కటి అడ్డం వస్తే మనిషిని పోల్చుకోలేకపోతుందా? మన జానపద సినిమాల్లో హీరో గడ్డం అంటించుకుని సభలోకి వస్తే విలన్ గుర్తుపట్టడు, మనం మాత్రం ఈలలు వేస్తాం. నటుడు నడక మార్చాడు, మాట మార్చాడు, అందుకే ఒప్పుకుంటాం. సూపర్‌మ్యాన్ దగ్గరా నేను కోరేది అదే.

రేడియోలో అసలు కళ్లజోడు సమస్యే లేదు. 1940 ఫిబ్రవరిలో అమెరికాలో మొదలైన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్' 1951 దాకా నడిచింది. ఎక్కువ కాలం ఒక్కో భాగం 15 నిమిషాలే. క్లార్క్, సూపర్‌మ్యాన్ ఇద్దరికీ గొంతు బడ్ కోలియర్‌దే. క్లార్క్‌గా ఉన్నప్పుడు సన్నగా, కాస్త పైస్థాయిలో మాట్లాడతాడు. ఇది సూపర్‌మ్యాన్ చేయాల్సిన పని అనే అర్థం వచ్చే మాట మొదలుపెట్టి, చివర పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు ఒక్కసారిగా కిందికి దిగి బరువెక్కుతుంది. ఇంగ్లీషులో ఆ పేరు వాక్యం చివర పడుతుంది కాబట్టే ఆ దెబ్బ. తెలుగులో ఎవరైనా చేస్తే "ఇక రావాల్సింది సూపర్‌మ్యాన్!" అని మాటలు తిప్పి రాసుకోవాల్సిందే. ఆ గొంతు ఎవరిదో 1946 దాకా శ్రోతలకు చెప్పలేదు.

మొన్న హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ కారులో ఇది పెట్టాను. వెనక సీట్లో పదకొండేళ్ల మా మేనకోడలు. నేనేమీ చెప్పలేదు. ఆ కాలపు ఇంగ్లీషు వేగం, మధ్యలో వచ్చే అటుకుల ప్రకటన, ఏవీ దానికి సరిగా అందలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సూర్యాపేట దాటాక ఆ మాట వచ్చింది, గొంతు దిగింది. చప్పున తల తిప్పి, "మామయ్యా, ఇప్పుడు మారాడు కదా?" అంది. బొమ్మ లేదు, ఎర్ర దుప్పటి లేదు, ఎగిరే దృశ్యం లేదు. హోరుమనే గాలి శబ్దం, ఒక గొంతు. అంతే.

మేం విన్నది 1946లో వచ్చిన 16 భాగాల కథ, 'క్లాన్ ఆఫ్ ది ఫియరీ క్రాస్'. చైనా మూలాలున్న టామీ లీ అనే కుర్రాడు బేస్‌బాల్ జట్టులో చేరి బాగా బంతి విసురుతాడు. అది చూసి చక్ అనే ఇంకో పిల్లాడికి కడుపుమంట. అతని బాబాయి ముసుగుల ముఠాకు నాయకుడు. లీ వాళ్ల ఇంటి ముందు శిలువ తగలబెడతారు. నల్లజాతివాళ్ల మీద, వలసవచ్చినవాళ్ల మీద దాడులు చేసే తెల్లవాళ్ల ముసుగు ముఠా కు క్లక్స్ క్లాన్ పేరు పలకకపోయినా అది ఎవరి గురించో అప్పటి అమెరికా శ్రోతలకు తెలుసు. గ్రహాంతరవాసులు లేరు, మారణయంత్రాలు లేవు. పక్కింటివాళ్ల ద్వేషమే విలన్. రేడియోను నేను నెత్తిన పెట్టుకోవడానికి సగం కారణం ఈ కథే.

పైగా మనం కామిక్ సొత్తు అనుకునేవి కొన్ని రేడియో ఇచ్చినవే. క్లార్క్ పనిచేసే పత్రిక డైలీ ప్లానెట్ సంపాదకుడు పెర్రీ వైట్, అదే ఆఫీసులోని కుర్రాడు జిమ్మీ ఒల్సెన్ అన్న పేరు రేడియోలోనే మొదట వినిపించాయి. సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే రాయి క్రిప్టోనైట్ 1943లో రేడియోలో వచ్చి, 1949లో గానీ కామిక్‌లోకి చేరలేదు.

లోపాలు లేకపోలేదు. ప్రతి భాగం మొదట్లో నిన్నటి కథ మళ్లీ చెబుతారు, వరసగా వింటే విసుగు. రికార్డింగులు కొన్ని గరగరలాడతాయి.

తెర మీద ఈ పరీక్షలో నిలిచింది 1978 సినిమా ఒక్కటే. రిచర్డ్ డోనర్ దర్శకుడు, క్రిస్టోఫర్ రీవ్ హీరో. కెమెరాకూ, వెనక దృశ్యాన్ని చూపే ప్రొజెక్టర్‌కూ కలిసి జూమ్ అయ్యే లెన్సులు పెట్టి ఎగరడం చూపించారు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు ప్రత్యేక ఆస్కార్ కూడా వచ్చింది. నన్ను కట్టిపడేసింది మాత్రం లోయిస్ ఇంట్లోని ఒక చిన్న ఘట్టం. ఆమె అటు వెళ్లగానే క్లార్క్ కళ్లజోడు తీస్తాడు. వంగిన వెన్ను నిటారవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, గొంతు గట్టిపడుతుంది. నిజం చెప్పేయబోతాడు. అంతలో ధైర్యం చాలక మళ్లీ కళ్లజోడు పెట్టుకుని కుంచించుకుపోతాడు. దుస్తులు మారలేదు, కెమెరా మాయ లేదు. కోలియర్ గొంతుతో చేసింది రీవ్ ఒళ్లంతా పెట్టి చేశాడు. ఎన్నిసార్లు చూసినా నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

మిగతావి క్లుప్తంగా. 1941–43 మధ్య వచ్చిన 17 కార్టూన్లు కన్నుల పండుగ, వాటిలోనూ గొంతు కోలియర్‌దే. కామిక్‌లో మొదట్లో గెంతేవాడే తప్ప ఎగిరేవాడు కాదు, ఇక్కడ ఎగరడం ఎంత అందంగా ఉందో! అయితే యుద్ధకాలపు 'జపోటర్స్'లో జపనీయులను చూపిన తీరు చాలా తప్పు, పిల్లలకు చూపించకండి. 1948లో థియేటర్లలో భాగాలుగా వచ్చిన సీరియల్‌లో ఎగరాల్సి వస్తే కిర్క్ ఆలిన్ కార్టూన్ బొమ్మ అయిపోతాడు. జార్జ్ రీవ్స్ టీవీ సీరియల్ 104 భాగాలు. ఆయన మంచి మనసున్న మనిషిలా కనిపిస్తాడు, క్లార్క్‌కూ సూపర్‌మ్యాన్‌కూ తేడా మాత్రం దాదాపు లేదు. 2013 సినిమాలో హెన్రీ కావిల్ క్లార్క్‌గా ఆఫీసులో అడుగుపెట్టేదే చివర్లో, ఇక నా పరీక్ష పెట్టేదెక్కడ? 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మేన్' వేరే కథ, ఈ పోలికలోకి రాదు.

రెండూ ఒకే వారంలో పెట్టుకుంటే 1946 కథ ముందు వినండి, 1978 సినిమా తర్వాత చూడండి. తిరగేస్తే, కోలియర్ మాట్లాడుతున్నంతసేపూ మీకు రీవ్ ముఖమే కనిపిస్తుంది.