పీఎస్‌క్యూఎల్ స్టార్టప్ ఫైలు: సెట్టింగుల కంటే కామెంట్లే ఎక్కువైన పదేళ్ల వాడకం

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఆదేశాలు టైప్ చేసి పంపే కమాండ్‌లైన్ క్లయింట్ పీఎస్‌క్యూఎల్‌తో పని మొదలుపెట్టిన కొద్ది నెలలకే హోమ్ డైరెక్టరీలో డాట్ పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ ఫైలు, అంటే ఆ క్లయింట్ మొదలయ్యేటప్పుడు చదివే స్టార్టప్ ఫైలు, పెట్టుకున్నాను. దాదాపు పదేళ్లుగా అదే ఫైలు ఒక మెషీన్ నుంచి మరో మెషీన్‌కు నాతోపాటు వస్తోంది. ఇప్పుడు అందులో సెట్టింగులు నలభై లైన్లుంటే, వాటి గురించి రాసిన కామెంట్లు (ప్రోగ్రామ్ పట్టించుకోని వివరణలు) అరవై లైన్ల దాకా ఉన్నాయి. ఏ సెట్టింగ్ మంచిదో ఇక్కడ చర్చించబోవడం లేదు, అది ఎవరి అలవాటును బట్టి వారు తేల్చుకోవలసిన విషయం. ఆ అరవై లైన్లు ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను. పనిలో నేను వాడే వస్తువులన్నిటిలోనూ ఈ చిన్న ఫైలు మీద ఉన్నంత మమకారం నాకు మరి దేని మీదా లేదు.

మొదట నన్ను ఆకట్టుకున్నది దాని సాదాతనం. ప్రాంప్ట్ దగ్గర ఏది టైప్ చేస్తామో అదే ఇక్కడా రాయవచ్చు. ఎస్‌క్యూఎల్‌లో లాగే రెండు హైఫన్లు పెట్టి కామెంట్ రాసుకోవచ్చు. నల్ (విలువ లేని) గడులు కంటికి కనబడేలా ఒక గుర్తు, టైమింగ్ ఆన్, డేటాబేస్‌కు ఒకటి చొప్పున హిస్టరీ ఫైలు, అన్నిటికంటే ముఖ్యంగా ఆటోకమిట్ ఆఫ్, అంటే నేను కమిట్ అని చెప్పేదాకా మార్పులేవీ ఖరారు కావు. ఈ చివరిదాని మీద ఆ రోజుల్లో నేను రాసుకున్న కామెంట్ ఇది: "పొరపాటున డిలీట్ చేస్తే వెనక్కి తీసుకోవడానికి." అది నిజమే. రెండుసార్లు నన్ను కాపాడింది కూడా. అయితే ఆ వాక్యంలో లేని మాట వల్లనే తరువాత ఇబ్బంది పడ్డాను.

నా అకౌంట్ కింద క్రాన్‌లో (నిర్ణీత వేళకు కమాండ్లను నడిపే ఏర్పాటులో) ప్రతి రాత్రీ ఒక చిన్న స్క్రిప్ట్ నడిచేది. ముప్పై రోజులు దాటిన వరుసలను ఒక టేబుల్ నుంచి తొలగించడమే దాని పని. పీఎస్‌క్యూఎల్‌కు హైఫన్ సీ (ఇచ్చిన ఆదేశాన్ని నడిపి ముగించమనే ఆప్షన్) ఇచ్చి, డిలీట్ వాక్యాన్ని కొటేషన్లలో పెట్టి రాసిన ఒకే ఒక్క లైను. పోస్ట్‌గ్రెస్ 9.5 వెర్షన్ ఉన్నంతకాలం దాని జోలికి వెళ్లవలసిన అవసరమే రాలేదు. 9.6కు మారిన వారంలో మరేదో వెతుకుతూ లాగ్ తెరిస్తే డిలీట్ అన్న మాట పక్కనున్న సంఖ్య దగ్గర నా చూపు ఆగిపోయింది. రోజుకు ఒక రోజు వరుసలే పోవాలి కనుక ఆ సంఖ్య ప్రతి రాత్రీ ఇంచుమించు ఒకేలా ఉండాలి. కానీ సోమవారం నాటి సంఖ్య మంగళవారానికి రెట్టింపయింది, బుధవారానికి మూడింతలయింది. ఎర్రర్ ఒక్కటి కూడా లేదు, స్క్రిప్ట్ ప్రతిసారీ సున్నా ఎగ్జిట్ కోడ్‌తోనే, అంటే అంతా సవ్యమన్న గుర్తుతోనే, ముగిసింది. డిలీట్ జరుగుతున్నట్టు లాగ్ చెబుతోంది, టేబుల్‌లో చూస్తే పాత వరుసలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

డిస్క్‌ను, ట్రిగ్గర్లను, చివరికి మరో ప్రోగ్రామ్ ఆ వరుసలను తిరిగి చేరుస్తోందేమోనని కూడా అనుమానించి ఒక పూట పోగొట్టుకున్నాను. అసలు కారణం 2016లో వచ్చిన ఆ 9.6 వెర్షన్ విడుదల నోట్స్‌లోనే, పాత వెర్షన్ల నుంచి మారేవారు గమనించవలసిన మార్పుల మధ్య ఉంది. అంతకుముందు హైఫన్ సీ ఇస్తే స్టార్టప్ ఫైలును చదవవద్దని చెప్పినట్టే లెక్క, 9.6 నుంచి ఆ లెక్క పోయింది. అంటే ఇన్నేళ్లూ నా స్క్రిప్ట్‌కు కనిపించని ఆటోకమిట్ ఆఫ్ ఆ వారం నుంచి దానికీ వర్తించింది. పీఎస్‌క్యూఎల్ తనంతట తాను బిగిన్ పంపి ట్రాన్సాక్షన్ (కమిట్ అంటేనే ఖరారయ్యే పనుల గుంపు) తెరుస్తుంది, డిలీట్ జరుగుతుంది, సంఖ్య అచ్చవుతుంది, కమిట్ అనేవారు లేక సెషన్ ముగుస్తుంది, జరిగిన పని అంతా రోల్‌బ్యాక్ అయిపోతుంది, అంటే రద్దవుతుంది. నన్ను కాపాడడానికి పెట్టుకున్న సెట్టింగే, చేయవలసిన పనిని కూడా ప్రతి రాత్రీ వెనక్కి తిప్పేసింది.

పరిష్కారానికి ఒక్క అక్షరం చాలింది. కమాండ్‌కు హైఫన్ క్యాపిటల్ ఎక్స్ చేర్చితే స్టార్టప్ ఫైలును అసలు చదవదు, పాత వెర్షన్లలోనూ అది అలాగే పనిచేస్తుంది. కామెంట్‌ను సరిదిద్దడానికి మాత్రం చాలాసేపు కూర్చున్నాను. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: "నేను కూర్చుని టైప్ చేసే సెషన్ల కోసం మాత్రమే. క్రాన్‌లోని ప్రతి కమాండ్‌కూ క్యాపిటల్ ఎక్స్ ఉండాలి. లేకపోతే కమిట్ జరగదు, ఎర్రర్ కూడా రాదు. 9.6 నుంచి హైఫన్ సీ కూడా ఈ ఫైలును చదువుతుంది." సెట్టింగ్ ఏం చేస్తుందో మాన్యువల్ చెబుతుంది. అది ఎవరిదాకా వెళ్తుందో, అక్కడ ఏం చెడగొట్టగలదో నా ఫైలులో నేనే రాసుకోవాలి. అప్పటి నుంచి ప్రతి లైను పక్కనా ఈ రెండు విషయాలే రాస్తున్నాను.

"పక్కనా" అన్నాను గానీ, నిజానికి పక్కన రాయకూడదు, పైన రాయాలి. కామెంట్లు రాయడం తేలిక అని మొదట్లో మెచ్చుకున్నదాన్ని ఇక్కడ కొంత సవరించుకోవాలి. బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే సెట్ కమాండ్ ఆ లైను చివరి వరకు ఉన్న మాటలన్నిటినీ విలువగానే తీసుకుంటుంది, పైగా వాటిని ఖాళీలు లేకుండా కలిపేస్తుంది. హిస్టరీ ఫైలు లైను చివర రెండు హైఫన్లు పెట్టి నేనొక వివరణ రాశాను. కొన్ని వారాల తరువాత డైరెక్టరీ లిస్టింగ్‌లో చూస్తే, డేటాబేస్ పేరు, రెండు హైఫన్లు, ఆ తరువాత నా వివరణలోని మాటలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒక పొడవాటి ఫైలు పేరుగా కనిపించాయి. నా హిస్టరీ అంతా అన్నాళ్లూ అందులోకే చేరుతోంది. ఆటోకమిట్ వంటి వేరియబుల్స్ విషయంలో 10వ వెర్షన్ నుంచి తప్పు విలువ ఇస్తే ఎర్రర్ చూపి ఆపుతుంది. ఫైలు పేరుకూ ప్రాంప్ట్‌కూ ఏ అక్షరాలైనా చెల్లుతాయి కనుక అక్కడ ఏ హెచ్చరికా రాదు. కామెంట్‌కు ఎప్పుడూ సొంత లైను ఉండాలి.

లైన్ల క్రమం గురించి కూడా ఒక కామెంట్ ఉంది, అది రాసుకున్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. స్టేట్‌మెంట్ టైమౌట్ (ఒక ఆదేశం గరిష్ఠంగా ఎంతసేపు నడవవచ్చో చెప్పేది) సర్వర్‌కు వెళ్లే సెట్టింగ్, ఆటోకమిట్ క్లయింట్‌లోనే ఉండే సెట్టింగ్. ఫైలులో మొదటిదాన్ని రెండోదాని కింద రాసినప్పుడు, నేనింకా ఏమీ టైప్ చేయకముందే ప్రాంప్ట్‌లో నక్షత్రం గుర్తు కనిపించింది. అంటే అప్పటికే ఒక ట్రాన్సాక్షన్ తెరిచి ఉందన్నమాట. టైమౌట్ లైనే దాన్ని తెరిచింది. నేను మొదటిసారి రోల్‌బ్యాక్ అనగానే ఆ టైమౌట్ కూడా దానితోపాటే పోయింది. ఇప్పుడు టైమౌట్ పైన, ఆటోకమిట్ కింద ఉన్నాయి. రెండింటినీ అటూ ఇటూ చేయవద్దని, ఎందుకు చేయవద్దో కూడా చెబుతూ ఒక కామెంట్ ఉంది. అలాగే సెషన్ మధ్యలో బ్యాక్‌స్లాష్ సీతో వేరే డేటాబేస్‌కు మారితే అది కొత్త కనెక్షన్ అవుతుంది, స్టార్టప్ ఫైలు మళ్లీ చదవబడదు. ఆటోకమిట్ నిలుస్తుంది, టైమౌట్ నిలవదు. అందుకే ప్రతి కామెంట్ మొదట్లో "క్లయింట్" అనో "సర్వర్" అనో ఒక మాట పెడుతున్నాను.

ఈ ఫైలు చదవబడిందని పీఎస్‌క్యూఎల్ తనంతట తాను చెప్పకపోవడం నా ప్రధానమైన అసంతృప్తి. ఎస్‌క్యూలైట్ షెల్‌ను ఇంటరాక్టివ్‌గా తెరిస్తే తన స్టార్టప్ ఫైలును ఎక్కడి నుంచి చదివిందో ఒక లైనులో చూపుతుంది. మైఎస్‌క్యూఎల్ క్లయింట్ ఏ ఆప్షన్ ఫైళ్లను ఏ వరుసలో చదువుతుందో హెల్ప్‌లోనే చెబుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి ఫైలు చివర ఎకో కమాండ్‌తో ఒక లైను చూపించాను గానీ, అది మామూలు అవుట్‌పుట్‌లోనే కలిసి, ఒక స్క్రిప్ట్ పట్టుకునే విలువలో చేరిపోయింది. 13వ వెర్షన్‌లో వచ్చిన వార్న్ కమాండ్ ఎర్రర్ స్ట్రీమ్‌లోకి రాస్తుంది కనుక ఇప్పుడు అదే వాడుతున్నాను. ఆటోకమిట్ ఆఫ్‌లో ఉందని సెషన్ తెరిచిన ప్రతిసారీ నా కళ్ల ముందు ఒక లైను వస్తుంది.

నేను నా సొంత అకౌంట్‌లో, కొద్దిపాటి సర్వర్ల మీద, ఎక్కువగా ఒంటరిగా పనిచేస్తాను కనుక ఈ ఏర్పాటు నాకు సరిపోయింది. ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ అకౌంట్‌ను నలుగురు పంచుకునే చోట ఇలాంటి ఫైలు పెట్టమని నేను చెప్పలేను, ఎన్ని కామెంట్లు రాసినా ఆ నలుగురూ ఫైలు తెరిచి చదువుతారన్న హామీ లేదు. సెషన్లను తెరిచి ఉంచి లేచిపోయే అలవాటున్నవారు ఆటోకమిట్ ఆఫ్ విషయంలో మరింత ఆలోచించాలి. ఒక్క సెలెక్ట్ నడిపి వదిలేసినా ఆ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా టేబుల్ మీద లాక్ ఉంటుంది, టేబుల్ నిర్మాణాన్ని మార్చడానికి ఆల్టర్ టేబుల్ ఇచ్చినవారు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. నా ఫైలులో ఆ సంగతి రాసి పెట్టిన కామెంట్ కిందటి నెలలోనే చేర్చాను.