బైబిలు, ఖురాన్: ఒక్కరే చదవాలా, పొరుగువాళ్లతోనా?

పర్లాకిమిడిలో గుడిగంట, చర్చిగంట రెండూ వింటూ పెరిగాం. అయినా పొరుగువాళ్ల గ్రంథాల లోపలి మాటలు తెలియవు.

ఖర్చు: తెలుగు బైబిలు ఫోన్లో ఉచితమే. కలిసి చదివితే ఆదివారం సాయంత్రాలు ఇవ్వాలి.

శ్రమ: ఒక్కరే అయితే వేగం మనిష్టం. కానీ ఖురాన్‌లో 114 సూరాలు, అంటే అధ్యాయాలు, కాలక్రమంలో లేవు. మొదటి చిన్న సూరా తర్వాత దాదాపుగా పొడవైనవి ముందు, పొట్టివి చివర. అది తెలియక నేను 286 ఆయతుల (వచనాల) రెండో సూరాలోనే ఆగిపోయాను. తెలిసిన ముస్లిం మాస్టారు చివరి నుంచి మొదలుపెట్టమన్నాకే చదువు సాగింది.

ప్రమాదం: ఒంటరిగా అయితే ఒక్క వాక్యం పట్టుకుని తీర్పు చెప్పేస్తాం. కలిసి అయితే మొహమాటంతో ప్రశ్న మింగేస్తాం. మొదటిదే ఎక్కువ నష్టం.

ఇంట్లో టెన్షన్ అనుకుంటే ఒక్కరే మొదలుపెట్టండి. బైబిల్లో యేసు కథ చెప్పే మార్కు సువార్త 16 అధ్యాయాలే. మంచికీ చెడుకీ వచ్చే పొరుగువాళ్లుంటే మాత్రం వాళ్ల అరుగు మీదే కూర్చోండి.