జాగా ఫ్రీయే, తాళంచెవికే పైసలు: ఈకోలో 38 రాత్రుల తర్వాత

బండి గురించి ఇక్కడ ఏమీ రాయను. మారుతీ ఈకో మైలేజీ ఎంత, ఏసీ ఎలా ఉంటుంది అని చెప్పేవాళ్లు వందమంది ఉన్నారు. మేం నల్గొండలో ఒక వడ్రంగితో వెనక సీటు మీదుగా పరిచే ప్లైవుడ్ పలక చేయించాం, దాని కొలతకి పరుపు, కిటికీలకు దోమతెర, అంతా కలిపి 14,000 అయింది. నేనూ మా ఆవిడా, ఇద్దరమే. రెండేళ్లలో 38 రాత్రులు అందులోనే పడుకున్నాం. ఆ రాత్రులు బండి ఎక్కడ ఆపాం, జేబులోంచి నిజంగా ఎంత పోయింది, అదే ఈ సమీక్ష.

పార్కింగ్ పేరుతో ఇచ్చింది రెండువేల లోపే. లాడ్జి అయితే మేం వెళ్లే ఊళ్లలో రాత్రికి వెయ్యో పన్నెండు వందలో అయ్యేది, కాబట్టి పలక డబ్బులు ఎప్పుడో తిరిగొచ్చాయి. మొదటి ఏడాది అందరికీ ఈ లెక్కే గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను. మా ఆవిడ పక్కనుంచి ఒక్కటే అడిగేది: "బాత్రూమ్ సంగతి చెప్పవేం?"

తనకి షుగర్. రాత్రి రెండుసార్లు లేవాలి. మగవాడికి ఏ చెట్టు వెనకో గడిచిపోతుంది, అందుకే నాకు ఈ లెక్క అర్థం కావడానికి ఏడాది పట్టింది.

డాబాలవాళ్లు "పెట్టుకోండి సార్, పైసలేం వద్దు" అంటారు. నిజంగానే వద్దు. రాత్రి పది దాటాక ఆ జాగాతో వాళ్లకి వేరే పని లేదు, లారీలవాళ్లు తిని పడుకుంటారు, తెల్లారకముందే కదులుతారు, వాటి మధ్య ఒక ఈకో ఉంటే ఓనరుకి పోయేదేం లేదు. పోయేది పొద్దున. ఏడింటికి టిఫిన్ కోసం కార్లు వస్తాయి, అప్పుడు ఆ జాగాకే గిరాకీ, అందుకే ఆరున్నరకల్లా ఒక కుర్రాడొచ్చి అద్దం మీద వేలితో టకటకా కొడతాడు. ఇంకొకటి, ఫ్రీగా ఆపుకున్నచోట మన స్టవ్ వెలిగించి ఉప్మా చేసుకోవడానికి మొహం చెల్లదు. ఇద్దరికీ అక్కడే తినాలి, నాలుగొందలు, అయిదొందలు. బండిలో పెట్టిన చిన్న సిలిండర్ ఇంకా సగం కూడా అవలేదు.

పెట్రోల్ బంకు మేలని అప్పట్లో చాలామందికి చెప్పాను. ఇప్పటికీ సగం మాట మీద నిలబడతాను. ఎలాగూ పోయించుకోవాల్సిన పెట్రోలు అక్కడే పోయించుకుంటాం కాబట్టి పైన ఖర్చు సున్నా, లైట్లుంటాయి, కెమెరాలుంటాయి, దొంగల టెన్షన్ లేదు. కానీ 65వ నెంబరు హైవే మీద ఒక బంకులో రాత్రి ఒంటిగంటకు లేడీస్ టాయిలెట్‌కి తాళం వేసి ఉంది. పెట్రోలు పోసే పిల్లాడిని అడిగితే తాళంచెవి మేనేజర్ దగ్గరుందట, మేనేజర్ ఇంటికెళ్లాడట. బంకుల్లో గాలి, తాగే నీళ్లు, టాయిలెట్ ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధనే, అది ఆ పిల్లాడికి చెప్పి ఏం లాభం. బండి తీసి టోల్‌గేట్ దాకా నడిపాను. 2025లో హైవే అథారిటీవాళ్లు మురికి టాయిలెట్ ఫొటో పెడితే ఫాస్టాగ్‌లో వెయ్యి రూపాయలు వేస్తామన్నారు కదా, అక్టోబరు ఆఖరు దాకా ఉండింది ఆ పథకం. నా ఫోన్లో అలాంటి ఫొటోలు బోలెడున్నాయి, అన్నీ బంకులవీ డాబాలవే. అవి ఆ లెక్కలోకి రావట!

ఇక మన్ననూరు రాత్రి. శ్రీశైలం పోదామని నల్గొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా బయల్దేరాం. దేవరకొండలో చుట్టాలు తినందే కదలనివ్వలేదు, మన్ననూరు గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదింపావు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు, ఎవరు బతిమాలినా అంతే. కార్లలో జనం కూర్చునే నిద్రపోతున్నారు. మేం కాస్త వెనక్కొచ్చి రోడ్డు పక్కన ఒక చిన్న హోటలాయనకు వంద ఇచ్చి, కానుగచెట్టు దాటాక చదునుగా ఉన్నచోట ఆపి పడుకున్నాం. బాత్రూమ్ అంటే చెయ్యి చీకట్లోకి చూపించాడు.

రెండు గంటలకు డోరు మీద దబదబా. టార్చి పట్టుకుని ఇంకొకాయన.

"ఎవరన్నా లోపల? ఇది మా జాగ."

"హోటలాయనకు వంద ఇచ్చినం గదా."

"ఆయనది చెట్టు దాకనే అన్నా. మీ బండి చెట్టు దాటింది."

నాకు కోపమొచ్చింది. బండి నాలుగడుగులు వెనక్కి తీస్తే పోయేదానికి వంద ఎందుకని మొదలుపెట్టాను. ఈలోపు మా ఆవిడ అటువైపు నుంచి దిగి, "వంద ఇస్తం తమ్మీ, బాత్రూమ్ ఉన్నదా?" అంది.

ఆయన ఒక్క క్షణం ఆగి, ఇంట్లోకి వెళ్లి తాళంచెవి తెచ్చాడు. పోగొట్టకుండా మక్కజొన్న బెండుకి కట్టి ఉంది. కొత్త కోడలి కోసం కట్టించాడట, సున్నం వాసన ఇంకా పోలేదు. బల్బు వెలుగుతోంది, డ్రమ్ము నిండా నీళ్లు, విప్పని సబ్బు, లోపల గడియ గట్టిగా పడుతోంది. మా ఆవిడ వచ్చి "గడియ పడుతుంది" అని నాకు రెండుసార్లు చెప్పింది. అయిదింటికి కట్టెల పొయ్యి మీద వేడినీళ్లు పెట్టిచ్చారు, దానికి ఇంకో యాభై. మొత్తం 250. నేను రెండో వంద గురించి గొణుగుతూనే ఉన్నాను, తను మాత్రం అయిదొందలైనా ఇచ్చేదాన్నంది.

అప్పట్నుంచి నేను బండి ఆపేముందు జాగా గురించి అడగడం మానేశాను, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందనే అడుగుతాను. ఎండాకాలం మన నల్గొండ వైపు ఇది మరీ కష్టం, ట్యాంకర్ కొనుక్కునే డాబావాడికి బయట స్థలం ఊరికే వచ్చేదే గానీ నీళ్లు కాదు, ఏప్రిల్ వస్తే బాత్రూమ్‌కి తాళం పడుతుంది. వాడిని తప్పుపట్టలేను కూడా. యాభై రూపాయలని బోర్డు పెడితే సంతోషంగా ఇస్తాం, కానీ బోర్డు పెట్టేవాళ్లు చాలా తక్కువ, అడిగితే మొహమాటపడి "అయ్యో వద్దు సార్" అని తాళం మాత్రం తియ్యరు. 44వ హైవే మీద పోతే బీచుపల్లిలో కృష్ణ ఘాట్‌లో పొద్దున్నే స్నానం అయిపోతుంది, అది ఫ్రీ, రాత్రి సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

మీరు కుర్రాళ్లయితే, నలుగురు మగవాళ్లయితే, నేను రాసిందంతా మీకు అక్కర్లేదు, ఏ డాబా అయినా సరిపోతుంది. చిన్నపిల్లలుంటే నేనైతే లాడ్జికే పొమ్మంటాను. మేం మాత్రం మానలేదు, 39వ రాత్రికి శ్రీశైలమే అనుకుంటున్నాం. ఆయన నంబరు మా ఆవిడ ఫోన్లో "మన్ననూరు వేడినీళ్లు" అని ఉంది. కార్తీకమాసంలో మాత్రం ఎత్తడు.