వెనీర్ పేరు చెప్పి క్యాప్ తొడుగుతున్నారు, పళ్ళు అరగదీయక ముందే అడగండి

వెనీర్లు వేయించుకోబోయేవాళ్ళు జాగ్రత్త. వెనీర్ అని ఒప్పించి, కుర్చీలో కూర్చున్నాక క్యాప్‌కి పన్ను చెక్కేసే చోట్లున్నాయి. పని పూర్తయ్యాక రెండూ ఒకేలా మెరుస్తాయి. లోపల మీ సొంత పన్ను ఎంత మిగిలిందన్నదే తేడా.

వెనీర్ అంటే పన్ను ముందు వైపు అతికించే పల్చటి సిరామిక్ పెంకు. దానికి 0.3 నుంచి 0.7 మి.మీ. గీకితే చాలు, దాదాపు చేతిగోరు మందం. క్యాప్‌కి అలా కాదు, వెనక వైపుతో సహా చుట్టూరా అరగదీస్తారు, చాలాచోట్ల 1 మి.మీ. పైనే. అద్దంలో పళ్ళు మేకుల్లా సన్నబడి, మధ్యలో సందులు కనిపిస్తే అది క్యాప్ పనే. పోయిన ఎనామిల్, అంటే పన్ను మీది గట్టి పైపొర, మళ్ళీ పుట్టదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికొచ్చేసరికే అంతరిస్తాయి. లోతుగా చెక్కిన పన్ను చల్లనీళ్ళకి జివ్వుమంటుంది, కొన్నిటికి నరం చచ్చిపోయి రూట్ కెనాల్ దాకా వెళ్తుంది. బాగా పుచ్చిన పన్నుకి, విరిగిన పన్నుకి క్యాప్ సరైన వైద్యమే. గట్టి పన్నుని రంగు కోసం మేకులా చెక్కడం మాత్రం అన్యాయం.

అందుకే ఏ పన్నుకి ఏది వేస్తారో, ఏ మెటీరియలో కాగితం మీద రాయించుకోండి. జిర్కోనియా (చాలా గట్టి తెల్లటి సిరామిక్) అని రాస్తే మళ్ళీ ఆరా తీయండి. అందులో గాజు ఉండదు కాబట్టి జిగురు పట్టేలా మామూలు సిరామిక్ యాసిడ్‌కి గరుకెక్కినట్టు ఇది ఎక్కదు, ఎక్కువగా క్యాప్‌లకే వాడతారు.

వెనీర్లు ఊడేది కూడా ఎక్కువగా అతిగా గీకినచోటే. జిగురు ఎనామిల్‌ని పట్టుకున్నంత గట్టిగా కింది డెంటిన్‌ని పట్టుకోదు, చిగురు దగ్గరేమో ఎనామిల్ చాలా పల్చన. అతికించేటప్పుడు పన్నుకి ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్, పెంకు లోపల హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, ఆపైన సైలేన్ అనే జిగురు పట్టించే ద్రవం పూస్తారు. మధ్యలో ఉమ్మి తగిలితే పట్టు తప్పుతుంది, ఉమ్మి తగలకుండా పళ్ళ చుట్టూ బిగించే రబ్బరు షీటు, అంటే రబ్బర్ డ్యామ్, వేస్తారా అని అడగండి.

అసలు గీకుడే లేని వెనీర్లు చిన్న పళ్ళకి, సందులున్న పళ్ళకి బాగుంటాయి. ముందుకొచ్చిన పళ్ళ మీద పెడితే మరీ లావుగా కనిపిస్తాయి, అంచు దగ్గర పాచి చేరి చిగురు వాస్తుంది. వంకర పళ్ళకి ముందు క్లిప్పుల సంగతి అడగాలి. సిరామిక్ బదులు పన్ను రంగు రెసిన్‌తో చేసే కాంపోజిట్ రకం త్వరగా మరకపడుతుంది, కానీ పెచ్చు ఊడితే అక్కడికక్కడే సరిచేయొచ్చు, పన్ను కూడా పెద్దగా పోదు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి రాత్రి పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డ్ లేకుండా ఏదైనా ఎక్కువ కాలం నిలవడం కష్టం.

సిరామిక్ రంగు తర్వాత మారదు. వైట్‌నింగ్ ముందే చేయించుకుని, రెండు వారాలు ఆగి షేడ్ ఎంచుకోండి. గీకడానికి ముందే నోట్లో మాకప్ (కొత్త పళ్ళు ఎలా ఉంటాయో చూపే తాత్కాలిక నమూనా) పెట్టించుకుని, మాట్లాడి, నవ్వి చూసుకోండి.

అతికించాక ఫ్లాస్ దారం చిగురు దగ్గర పీలికలవుతుంటే అక్కడ జిగురు మిగిలిందనో, అంచు పొడుచుకొచ్చిందనో అనుమానించాలి. చిగురు నుంచి రక్తం వచ్చేదాకా ఆగకుండా, ఆ వారంలోనే వెళ్ళి శుభ్రం చేయించుకోండి.