సొంత సర్వర్ నేర్చుకోవడానికి ఇంజిన్‌ఎక్స్ ఎలా ఉంది: వాడినవాడి రివ్యూ

సొంతంగా వెబ్ సర్వర్ పెట్టుకుని నడపడం నేర్చుకోవాలనుకుంటే మొదట పట్టుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌ఎక్స్. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇప్పుడు ఎవరిని అడిగినా క్యాడీ అనే ఇంకో వెబ్ సర్వర్ వాడెయ్, రెండు లైన్లలో పనైపోతుంది అంటున్నారు. నిజమే, అయిపోతుంది. కానీ పని అయిపోవడం వేరు, పని తెలియడం వేరు. నేను ఈ రెండూ వాడాను, అంతకుముందు అపాచీ అనే పాత వెబ్ సర్వర్ కూడా వాడాను. ఒక చిన్న వీపీఎస్ (అద్దెకి తీసుకునే వర్చువల్ సర్వర్), దాని మీద డెబియన్ అనే లైనక్స్, ఒక డొమైన్ పేరు, ఇంత సరంజామాతో సర్వర్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకుందామనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. లక్షల మంది వచ్చే సైట్లు నడిపేవాళ్ల లెక్కలు వేరు.

ఇగోర్ సిసోయెవ్ దీన్ని 2002లో రాయడం మొదలుపెట్టి 2004 అక్టోబర్‌లో బయటపెట్టారు. అప్పట్లో పెద్ద సమస్య ఏమిటంటే ఒకే మెషీన్ ఒకేసారి పది వేల కనెక్షన్లు ఎలా మోయాలి అన్నది. అపాచీ పాత పద్ధతిలో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ కేటాయించేది, జనం పెరిగేకొద్దీ మెమరీ అయిపోయేది. ఇంజిన్‌ఎక్స్‌లో ఒక మాస్టర్ ప్రాసెస్, దాని కింద కొద్దిమంది వర్కర్లు, ఒక్కో వర్కర్ వేల కనెక్షన్లను తానే చూసుకుంటుంది. అందుకే తక్కువ మెమరీ ఉన్న చిన్న వీపీఎస్ మీద కూడా ఇబ్బంది లేకుండా నడుస్తుంది.

ఈ మాస్టర్, వర్కర్ల సంగతి కొత్తవాళ్లకి ఎందుకంటే, మొదటి వారంలో అందరికీ ఎదురయ్యే 403 (లోపలికి అనుమతి లేదు) ఎర్రర్‌కి జవాబు ఇక్కడే ఉంది. లైనక్స్‌లో 1024 కంటే తక్కువ నంబర్ పోర్టు (కనెక్షన్లు వచ్చే ద్వారం) తెరవాలంటే మామూలుగా రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) అధికారం కావాలి, వెబ్‌సైట్లు వాడే 80, 443 రెండూ ఆ లోపలివే. కాబట్టి మాస్టర్ రూట్‌గా నడుస్తూ పోర్టులు తెరుస్తుంది, బయటివాళ్లతో మాట్లాడే వర్కర్లు మాత్రం డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే పెద్దగా హక్కుల్లేని యూజర్ పేరు మీద నడుస్తాయి. మీ ఫైళ్లు మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టి అక్కడి నుంచి చూపించమంటే ఆ యూజర్‌కి లోపలికి వచ్చే దారే ఉండదు. ఫైల్‌కి పర్మిషన్ ఉంటే చాలదు, దాని పైనున్న ప్రతి ఫోల్డర్‌లోకీ అడుగుపెట్టే పర్మిషన్ ఉండాలి. ఇది తెలియక చాలామంది అన్నిటికీ 777 (అందరికీ అన్ని పర్మిషన్లు) ఇచ్చేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, మీ సర్వర్‌లోని ప్రతి ప్రోగ్రామ్‌కీ ఆ ఫైళ్లు మార్చే హక్కు ఇచ్చేసినట్టే అవుతుంది. నేమ్‌ఐ అనే కమాండ్‌కి డాష్ ఎల్ తగిలించి, ఆ ఫైల్ దారి మొత్తం ఇవ్వండి. దారిలో ఏ ఫోల్డర్ దగ్గర తలుపు మూసి ఉందో వరసగా చూపిస్తుంది. ఒక్కసారి ఆ వరస కళ్లారా చూస్తే లైనక్స్ పర్మిషన్లు ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల ఫైల్) మార్చే పద్ధతి. ఫైల్ మార్చాక ఇంజిన్‌ఎక్స్ డాష్ టి అని కొడితే మొత్తం కాన్ఫిగ్ చదివి, తప్పుంటే ఏ ఫైల్‌లో ఏ లైన్‌లో ఉందో చెబుతుంది, నడుస్తున్న సైట్‌ని ముట్టుకోదు. బాగుందంటేనే రీలోడ్. రీలోడ్‌లో మాస్టర్ కొత్త కాన్ఫిగ్‌తో కొత్త వర్కర్లను లేపుతుంది, పాత వర్కర్లు చేతిలో ఉన్న పని ముగించుకుని వెళ్లిపోతాయి, సైట్ చూస్తున్నవాళ్లకి ఏమీ తెలియదు. కొత్త కాన్ఫిగ్‌లో తప్పుంటే పాతదానితోనే నడుస్తూ ఉంటుంది. రీస్టార్ట్ అలా కాదు, ముందు ఆగిపోతుంది, తర్వాత కాన్ఫిగ్ తప్పని లేవదు, అప్పుడు టెన్షన్ మొదలు. కాబట్టి రీస్టార్ట్ అనే మాట మర్చిపోయి టెస్ట్, రీలోడ్ ఈ రెండే చేతికి అలవాటు చేసుకోండి.

ఎర్రర్ లాగ్ (తప్పులు రాసిపెట్టే ఫైల్) కూడా అంతే సూటిగా ఉంటుంది. బ్రౌజర్‌లో 502 కనిపిస్తే చాలామంది ఇంజిన్‌ఎక్స్ పాడైందనుకుంటారు, నిజానికి అది బాగానే ఉన్నట్టు, అది రిక్వెస్ట్‌లు అందించే, దాని వెనకున్న మీ అప్లికేషనే పలకడం లేదు. లాగ్ తెరిస్తే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని, ఏ అడ్రస్‌కి ఏ పోర్టుకి ప్రయత్నించిందో కూడా రాసి ఉంటుంది. 504 అయితే వెనకవాడు పలికాడు కానీ టైమ్‌కి జవాబు ఇవ్వలేదు, మామూలుగా 60 సెకన్లు ఎదురుచూస్తుంది. ఫొటో అప్‌లోడ్ చేస్తే 413 వచ్చిందా, అప్‌లోడ్ సైజు పరిమితి మనం మార్చేదాకా 1 మెగాబైటే. ఇవన్నీ లాగ్‌లోనే ఉంటాయి, ఇంటర్నెట్‌లో వెతకడానికి ముందు లాగ్ చదవడం అలవాటైతే సగం పని నేర్చుకున్నట్టే.

ఇక లోపాలు, ఇవి చిన్నవి కావు. మొదటిది ప్రాక్సీ పాస్ (రిక్వెస్ట్‌ని వెనకున్న అప్లికేషన్‌కి పంపే లైన్) చివర స్లాష్. యాప్/ అనే లొకేషన్ (ఆ పేరుతో మొదలయ్యే అడ్రస్‌లకి రాసే బ్లాక్) రాసి వెనకున్న అడ్రస్ చివర స్లాష్ పెడితే యాప్/లాగిన్ కోసం వచ్చిన రిక్వెస్ట్ వెనక్కి ఉత్త లాగిన్‌గా వెళ్తుంది, స్లాష్ తీసేస్తే యాప్/లాగిన్‌గానే వెళ్తుంది. ఒక్క గుర్తు తేడాతో సైట్ మొత్తం 404 అయిపోతుంది, డాష్ టి దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రెండూ వ్యాకరణం ప్రకారం సరైనవే. రెండోది ఎలియాస్ (ఒక అడ్రస్‌ని డిస్క్‌లోని ఫోల్డర్‌కి కలిపే లైన్), ఇది ఇంకా ప్రమాదం. లొకేషన్ పేరు చివర స్లాష్ లేకుండా, ఎలియాస్ దారి చివర మాత్రం స్లాష్ పెట్టి రాస్తే, అడ్రస్‌లో రెండు చుక్కలు చేర్చి పై ఫోల్డర్‌లోని ఫైళ్లు కూడా లాగేయొచ్చు. పెడితే రెండు చోట్లా పెట్టండి. మూడోది యాడ్ హెడర్ (జవాబుతో పాటు బ్రౌజర్‌కి వెళ్లే సూచనలు చేర్చే లైన్). సెక్యూరిటీ హెడర్లన్నీ సర్వర్ బ్లాక్‌లో చక్కగా రాసుకుని, లోపల ఏదో ఒక లొకేషన్‌లో క్యాష్ కోసం ఇంకో హెడర్ చేర్చారనుకోండి, ఆ లొకేషన్ వరకు పైన రాసినవన్నీ పోతాయి. కలుపుతుందని ఎవరైనా అనుకుంటారు, మామూలుగా కలపదు. ఇంత ముఖ్యమైన చోట ఇలా పెట్టడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

అధికారిక డాక్యుమెంటేషన్ గురించి రెండు రకాల మాటలూ వినిపిస్తాయి. ఉదాహరణలు తక్కువ, బుజ్జగించి చెప్పడం అసలు ఉండదు. కానీ ప్రతి డైరెక్టివ్‌కీ (కాన్ఫిగ్‌లో రాసే ఆదేశం) రాసే పద్ధతి, డిఫాల్ట్ విలువ, ఏ బ్లాక్‌లో రాయొచ్చు అనే మూడూ కచ్చితంగా ఉంటాయి. పాత ట్యుటోరియల్ నుంచి 40 లైన్లు కాపీ కొట్టేకంటే, అందులో ఒక్కో లైన్‌నీ ఇక్కడ చూసుకుని అర్థమైంది మాత్రమే ఉంచుకోవడం మేలు.

హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య రహస్య కనెక్షన్) విషయంలో ఇంజిన్‌ఎక్స్ ఒక్కటే సరిపోదు, దీనికి ఆ డొమైన్ మీదేనని చెప్పే సర్టిఫికెట్ వేరే తెచ్చుకోవాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 డిసెంబర్ నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది, డెబియన్‌లో వాటిని తెచ్చే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే చాలు. ఇక్కడ జరిగేది తెలుసుకోవడం బాగుంటుంది: ఈ డొమైన్ నాదే అని మీరంటే, అయితే ఈ చిన్న ఫైల్ ఆ సైట్‌లో పెట్టు అని వాళ్లంటారు, పోర్టు 80 మీద వచ్చి ఆ ఫైల్ ఉందో లేదో చూస్తారు. అందుకే డీఎన్ఎస్ రికార్డ్ (డొమైన్ పేరు ఏ అడ్రస్‌కి వెళ్లాలో చెప్పేది) మీ సర్వర్‌కి తిరగకముందే, లేదా ఫైర్‌వాల్‌లో 80 మూసేసి అడిగితే పని కాదు. ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) రికార్డ్ కూడా పెట్టి ఉంటే అదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, పాత అడ్రస్ అక్కడ మిగిలిపోయిందంటే కారణం తెలియక తిరుగుతారు. గంటలో ఐదుసార్లు ఫెయిలైతే కాసేపు ఆపేస్తారు కాబట్టి ప్రయోగాలన్నీ వాళ్ల స్టేజింగ్ సర్వర్ మీద చేసుకోండి.

సర్టిఫికెట్ 90 రోజులే. సర్ట్‌బాట్ టైమర్ రోజుకి రెండుసార్లు లేచి చూసి, గడువు దగ్గరపడితే కొత్తది తెస్తుంది. తెచ్చిన కొత్త సర్టిఫికెట్‌ని ఇంజిన్‌ఎక్స్ రీలోడ్ అయితేనే చదువుతుందన్నది చాలామందికి తట్టదు. సర్ట్‌బాట్‌లోని ఇంజిన్‌ఎక్స్ ప్లగిన్ వాడితే రీలోడ్ అదే చేస్తుంది, వెబ్‌రూట్ పద్ధతి (ఆ చిన్న ఫైల్‌ని సైట్ ఫోల్డర్‌లో పెట్టడం వరకే చేసేది) వాడితే డిప్లాయ్ హుక్‌లో (కొత్త సర్టిఫికెట్ వచ్చాక నడిచే కమాండ్) ఆ రీలోడ్ మీరే రాయాలి. గడువు అయిపోతోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే మెయిళ్లు కూడా 2025 జూన్‌లో ఆపేశారు, కాబట్టి గడువు మీద కన్నేసే ఏర్పాటు సొంతంగా ఉండాలి. 2029 మార్చి నుంచి ఏ కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ అయినా 47 రోజులకు మించదు, చేత్తో రెన్యూ చేసుకునే రోజులు పోయినట్టే.

క్యాడీ గెలిచేది సరిగ్గా ఇక్కడే. 2015లో వచ్చింది, గో భాషలో రాసింది, డొమైన్ పేరు రాస్తే సర్టిఫికెట్ తేవడం, రెన్యూ చేయడం, పోర్టు 80 నుంచి 443కి మళ్లించడం అన్నీ అదే చూసుకుంటుంది. రేపటికల్లా సైట్ నడవాలి, సర్వర్ గురించి ఆలోచించే తీరిక లేదు అంటే మొహమాటం లేకుండా క్యాడీ పెట్టుకోండి, మంచి సాఫ్ట్‌వేర్. కానీ సర్టిఫికెట్ రాలేదన్న రోజున, ఎందుకు రాలేదో ఊహించాలంటే ఆ ఫైల్ సంగతి, పోర్టు 80 సంగతి, డీఎన్ఎస్ సంగతి తెలిసి ఉండాలి, అవి ఇంజిన్‌ఎక్స్ దగ్గర తప్పనిసరిగా నేర్చుకుంటాం. ఇంజిన్‌ఎక్స్‌వాళ్లు కూడా 2025 ఆగస్టులో సర్టిఫికెట్లు తానే తెచ్చుకునే మాడ్యూల్ ప్రకటించారు, అది డెబియన్‌లో మామూలుగా దొరికేదాకా సర్ట్‌బాటే నా సలహా.

వెబ్ సర్వర్ ఎంత మంచిదైనా దాని కింద మెషీన్‌ని చూసుకోవడం మన బాధ్యతే. సర్వర్ ఇంటర్నెట్‌లోకి వచ్చిన కాసేపటికే యాక్సెస్ లాగ్‌లో వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం, డాట్ ఎన్వ్ (పాస్‌వర్డ్‌లు దాచుకునే) ఫైల్ కోసం, డాట్ గిట్ (కోడ్ చరిత్ర ఉండే) ఫోల్డర్ కోసం ఎవరెవరో అడుగుతూ కనిపిస్తారు. అవి బాట్లు, ప్రతి ఐపీ అడ్రస్‌నీ తట్టి చూస్తూ పోతాయి, మీ మీద పగేమీ లేదు. 404 వస్తోందంటే కంగారు పడక్కర్లేదు, 200 (దొరికింది) వస్తోందంటే మాత్రం వెంటనే లేచి చూడండి, గిట్ క్లోన్ చేసిన ఫోల్డర్‌నే వెబ్ రూట్‌గా ఇచ్చేసి ఉంటారు. ఎస్ఎస్‌హెచ్‌కి (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) కీ పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి, కానీ ఉన్న సెషన్ మూయకుండా ఇంకో టెర్మినల్ నుంచి లోపలికి రాగలుగుతున్నారో లేదో చూసుకున్నాకే. ఫైర్‌వాల్ ఆన్ చేసేముందు ఎస్ఎస్‌హెచ్‌కి అనుమతి ఇచ్చారో లేదో కూడా అలాగే. బ్యాకప్ వేరే చోట ఉండాలి, దాన్ని ఖాళీ మెషీన్ మీద ఒకసారి తిరిగి నిలబెట్టి చూడాలి, చూడనంతవరకు అది బ్యాకప్ అన్న నమ్మకం పెట్టుకోకండి.

ఏ వెర్షన్ పెట్టుకోవాలని అడిగితే, మధ్య నంబర్ సరిసంఖ్య అయితే స్టేబుల్, బేసి అయితే మెయిన్‌లైన్ (కొత్త మార్పులు ముందు వచ్చేది). కొత్తవాళ్లకి ఈ రెండూ కాకుండా డెబియన్ రిపాజిటరీలో (దాని ప్యాకేజీల నిల్వ) ఉన్నదే మంచిది. నంబర్ పాతగా కనిపించినా సెక్యూరిటీ సవరణలు అందులోకి వస్తూనే ఉంటాయి, అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే వాటంతట అవే పడతాయి. సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవడం ఆసక్తికరమే, ఆ ప్రయోగం వేరే మెషీన్ మీద చేసుకోండి.